మిరప నారు మనమే పెంచుకుందాం: ట్రేలు, సంచులు, మట్టి గురించి
(మండల రైతు సంఘం జూన్ నెల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందు మాట్లాడిన మిత్రులు గిట్టుబాటు ధర గురించి, పంట బీమా గురించి చెప్పారు. అవి పెద్ద విషయాలు. మేము చెప్పబోయేది చూడటానికి చాలా చిన్నది. మిరప నారు పోయడానికి ఏ ట్రే కొనాలి, ఏ సంచి వాడాలి, అందులో ఏ మట్టి నింపాలి అన్నదే. దీనికి సంఘం సమావేశం ఎందుకు, వ్యవసాయ శాఖ వాళ్ళు చెబుతారు కదా అని కొందరికి అనిపించవచ్చు. రెండేళ్ళ కిందట మన సంఘంలో ఒక కౌలు రైతుకు జరిగింది గుర్తు చేసుకుంటే ఎందుకో అర్థమవుతుంది.

ఆయన మూడెకరాలు కౌలుకు పట్టి మిరప వేశాడు. నారు పోసే తీరిక లేక ఒక నర్సరీలో కొన్నాడు. మొక్క రూపాయి పైచిలుకు. నారు పచ్చగా, పొడుగ్గా బాగానే ఉంది. నవంబరు వచ్చేసరికి చేలో మూడు రకాల మొక్కలు కనపడ్డాయి. కొన్ని సన్నకాయ, కొన్ని బొద్దుకాయ, కొన్ని కాయే లేక ఏపుగా పెరిగినవి. నర్సరీకి వెళ్తే "మీరు అడిగిన రకమే ఇచ్చాం, మీ నేల తేడా" అన్నారు. బిల్లు ఉందా అని మేము అడిగితే, ఒక చిన్న చీటీ తీశాడు. అందులో మొక్కల సంఖ్య, డబ్బు తప్ప ఏమీ లేదు. రకం పేరు లేదు, విత్తనం లాటు నంబరు లేదు, తేదీ కూడా లేదు. ఆ చీటీతో ఎక్కడికి పోతాం? ఎవరిని అడుగుతాం? కౌలు మాత్రం కట్టాల్సిందే కదా.

ఆ ఏడాది నుంచే మేము కొందరం కలిసి ఊళ్ళో ఉమ్మడిగా నారు పోయడం మొదలుపెట్టాం. మాకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. తప్పులు చేశాం, నష్టపోయాం, నేర్చుకున్నాం. ఆ తప్పులు మీరు మళ్ళీ చేయకూడదనే ఈ మాటలు.

ముందు లెక్క చూద్దాం. రెండడుగులకు రెండడుగులు అచ్చు తోలితే ఎకరానికి సుమారు 10,900 మొక్కలు పడతాయి. మామూలుగా దొరికే మిరప ట్రేకు 98 గుంటలు. మొలవనివి, చచ్చేవి, తర్వాత పోగుంటలు నాటడానికి కావలసినవి కలుపుకొని ఎకరానికి 130 ట్రేలు వేసుకోవాలి. హైబ్రిడ్ విత్తనం 75, 80 గ్రాములు సరిపోతుంది. అదే నేల మీద మడి కట్టి నారు పోస్తే, సూటిరకాలకు ఎకరానికి ఒక సెంటు మడి, 650 గ్రాముల విత్తనం అని పాత లెక్క. హైబ్రిడ్ విత్తనం ధర మీకు తెలుసు. ఆ ధరకు మడిలో చల్లుకుని సగం నారుకుళ్ళుకు ఇచ్చే స్తోమత మనకు లేదు. ట్రే వచ్చింది అందుకే. 130 ట్రేలు పక్కపక్కనే పరిస్తే అర సెంటు స్థలం పడుతుంది. నడవడానికి దారులు వదిలితే ఒక సెంటు. ఏ ఇంటి పెరట్లోనైనా సరిపోయే పని.

ఇక ట్రే సంగతి. బజారులో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పలచటిది, చేత్తో ఎత్తితే వంగిపోతుంది, ఒక కారుకే చినుగుతుంది. రెండోది కాస్త మందం. ధర ఎక్కువైనా జాగ్రత్తగా వాడితే నాలుగైదు కార్లు వస్తుంది. మేము మొదటి ఏడు పలచటివి కొని, రెండో ఏడు మళ్ళీ డబ్బు పెట్టాం. కొనేటప్పుడు ట్రేను తిరగేసి చూడండి. ప్రతి గుంట అడుగునా రంధ్రం తెరుచుకుని ఉందా, ప్లాస్టిక్ పొర అడ్డం ఉందా? రంధ్రం మూసుకుపోయిన గుంటలో మొక్క వారం బతకదు.

చిన్న గుంటలో నీళ్ళు ఎలా నిలుస్తాయో తెలుసుకోవాలి. ఇది మాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది. గిన్నెలు తోమే స్పాంజి ఒకటి నీళ్ళలో ముంచి, పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. స్పాంజి అదే, నీళ్ళు అవే. ఎత్తు పెరిగింది కాబట్టి దిగాయి. మట్టి కూడా అంతే. ఏ కుండీలోనైనా అడుగున కొంత మందం తడి దిగకుండా నిలిచిపోతుంది. లోతైన సంచిలో ఆ తడి అడుగున ఉంటుంది, పైన వేరుకు గాలి ఆడుతుంది. రెండంగుళాల లోతు కూడా లేని ట్రే గుంటలో ఆ తడి దాదాపు పైదాకా ఉంటుంది. అందుకే పాత్ర ఎంత చిన్నదైతే నింపే మట్టి అంత గుల్లగా ఉండాలి. అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు దిగుతాయని చాలామంది సంచుల్లో వేస్తుంటారు. దిగవు. నిలిచే తడి గులకరాళ్ళ మీదికి జరుగుతుంది, వేరు ఉండాల్సిన చోటు ఇంకా తగ్గుతుంది. రంధ్రాలు ఉంటే చాలు, రాళ్ళు వద్దు.

ఇక్కడే మన నల్లరేగడి గురించి ఒక మాట. మన నేల బంగారం అని మనకు గర్వం. పొలంలో అది నిజమే. రేగడి పదును పట్టి ఉంచుతుంది, పైరును నిలబెడుతుంది. ఆ బంగారాన్ని తెచ్చి ట్రేలోనో సంచిలోనో పోస్తే తడిసినప్పుడు ముద్ద, ఎండినప్పుడు రాయి. పగుళ్ళిచ్చి పక్కకు జరుగుతుంది, నీళ్ళు పోస్తే ఆ సందుల్లోంచి కారిపోతాయి, మధ్యలో వేరు ఎండే ఉంటుంది. బొప్పాయి నారుకు మేము మొదట ఉత్త రేగడే సంచుల్లో నింపాం. 200 సంచుల్లో నిలిచినవి 60 కూడా లేవు. పొలంలో మంచి నేల కుండీలో మంచిది కాదన్న సంగతి ఆ 140 సంచులు నేర్పాయి.

అందుకే ట్రేకు మట్టే వాడరు. కోకోపీట్ వాడతారు, అంటే కొబ్బరి పీచు తీయగా రాలే పొట్టు. కోనసీమ వైపు పీచు మిల్లుల దగ్గర కుప్పలు పడి ఉండేది అదే. తేలిక, గుల్లగా ఉంటుంది, నీళ్ళు పట్టి ఉంచుతుంది. కానీ దానిలో బలం లేదు, పైగా ఉప్పు ఉంటుంది. కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం లవణాలు ఎక్కువ. డొక్కల్ని ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టి ఉంటే ఇంకా ఎక్కువ.

మా పెద్ద తప్పు ఇక్కడే. గడ్డలు కొంటే ఖర్చని, తెలిసినవాళ్ళ ద్వారా ఒక చోట నుంచి పచ్చి పొట్టు తెప్పించాం. కడగాలని మాకు తెలియదు, అమ్మినవాళ్ళు చెప్పలేదు. 60 ట్రేలు నింపి విత్తనం పెట్టాం. మొలక వచ్చింది. రెండాకుల దగ్గర ఆగిపోయింది. ఆకు కొసలు మాడాయి, వేరు గోధుమరంగుకు తిరిగింది. మేమేం చేశామో తెలుసా? విత్తనం నకిలీదని తేల్చుకున్నాం. విత్తనాల కొట్టు ముందు ధర్నాకు కరపత్రం కూడా రాసుకున్నాం. అచ్చుకు ఇవ్వబోయే ముందు రోజు ఒక శాస్త్రవేత్త వచ్చి ట్రే కింద కారిన నీళ్ళు పట్టి, జేబులోంచి చిన్న మీటరు తీసి ముంచి చూపించారు. దాన్ని ఈసీ మీటరు అంటారు, నీళ్ళలో లవణం ఎంతో చెబుతుంది. నారుకు 1 లోపు ఉండాలి. మా నీళ్ళు 3 దాటాయి. అదే ప్యాకెట్టు విత్తనం ఆయన మాటతో ఇసుకలో పోస్తే చక్కగా లేచింది. కరపత్రం చించేశాం. మన వాదన తప్పయినప్పుడు వెనక్కి తీసుకోకపోతే రేపు నిజమైన నకిలీ విత్తనం వచ్చినప్పుడు మన మాట ఎవరు వింటారు?

కాబట్టి పొట్టు కడగాలి. అయిదు కిలోల గడ్డకు పాతిక, ముప్పై లీటర్ల నీళ్ళు పోస్తే పొంగి 70 లీటర్ల దాకా అవుతుంది. దాన్ని పరదా గుడ్డ మీదో, రంధ్రాలున్న డ్రమ్ములోనో వేసి నీళ్ళు పోసి, పూర్తిగా కారనిచ్చి, మళ్ళీ పోయాలి. మూడుసార్లు. టీ డికాషన్ రంగులో కారే నీళ్ళు పలచబడాలి. రంగు పోయినంత మాత్రాన ఉప్పు పోయిందని కాదు, మీటరు పెట్టి చూసుకోవాలి. కడగటానికి వాడే నీళ్ళు కూడా చూసుకోండి. మన మండలంలో సగం బోర్లు ఉప్పవే. ఉప్పు నీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా ఒకటే. కాలవ నీళ్ళో వాన నీళ్ళో పట్టుకోండి. పెద్ద నర్సరీలవాళ్ళు కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెట్టి సోడియం వదిలిస్తారు. మందు లేకుండా చేయాలనుకునేవాళ్ళు "కడిగినది" అని రాసి ఉన్న గడ్డలు కొనుక్కుని, వాటినీ ఒకసారి కడుక్కోవడం మేలు.

బలం కోసం వర్మీకంపోస్టు కలపాలి. రెండు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్టు. ట్రేకు రెండున్నర లీటర్ల మిశ్రమం పడుతుంది. 130 ట్రేలకు 325 లీటర్లు. అంటే నాలుగు గడ్డలు, 75 కిలోల వర్మీకంపోస్టు. కొంత మిగులుతుంది, మిగలనివ్వండి. కొందరు సగానికి సగం వర్మీ కలుపుతున్నారు, బలం ఎక్కువైతే మంచిదే కదా అని. ఎక్కువైతే మిశ్రమం బరువెక్కి నీళ్ళు నిలుస్తాయి, నారు మెత్తగా సాగుతుంది. సాగిన నారు చూడ్డానికి బాగుంటుంది, చేలో మొదటి ఎండకే తల వాలుస్తుంది.

సేంద్రియం అన్న మాట వినగానే మురిసిపోవద్దు. సంచి మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి అమ్మేవన్నీ వర్మీకంపోస్టు కాదు. వర్మీకంపోస్టు కూడా 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికే వస్తుంది. యూరియా సంచి మీద వివరాలు ఎలా అడుగుతామో దీని మీదా అలాగే అడగాలి. ఇంట్లో చేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. సంచి మధ్యలోకి చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ఇంకా మాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకోండి, మొదటి వాన పడ్డ నేల వాసన రావాలి. ఘాటు వాసన వస్తే పేడ పచ్చిగా ఉన్నట్టే. నాలుగు మిల్లీమీటర్ల జల్లెడ పడితే దాదాపు అంతా దిగాలి. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష గింజే చేస్తుంది. ఒక గిన్నెలో మీ మిశ్రమం, ఒక గిన్నెలో కడిగిన ఇసుక పెట్టి, రెంటిలో ఇరవై ఇరవై పెసలు వేయండి. నాలుగైదు రోజుల్లో తేడా కనపడుతుంది. మిశ్రమంలో మొలక తగ్గినా, వేరు కొస నల్లబడినా ఆ సరుకులో విత్తనం పెట్టకండి. ఖరీదైన విత్తనం పెట్టే ముందు గుప్పెడు పెసలు ఖర్చు పెట్టడానికి ఎవరూ వెనకాడక్కర్లేదు.

పశువులున్నవాళ్ళు కొనాల్సిన పని లేదు. కానీ దిబ్బలోంచి నేరుగా తెచ్చి కలపకండి. సగం మాగిన పెంటలో వేరుపురుగులు, చెదలు ఉంటాయి. బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా 2 కిలోలు కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టాలు కప్పి వారం, పది రోజులు ఉంచితే తెల్లటి బూజు అల్లుకుంటుంది. అది మంచి బూజు, భయపడొద్దు. నారుకుళ్ళును అడ్డుకునేది అదే. సంచుల మిశ్రమంలో ఇది బాగా పనిచేస్తుంది. జీవామృతం వాడేవాళ్ళు ట్రేల మీద చిక్కగా పోయకండి, పదింతలు నీళ్ళు కలిపి వడపోసి పోయండి.

సంచుల సంగతి తొందరగా చెబుతాం, ఎందుకంటే మిరపకు సంచి అక్కర్లేదు. బొప్పాయి, మునగలాంటి వాటికే. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తున్న నల్ల సంచులు, అడుగునా పక్కలా రంధ్రాలు ఉన్నవి తీసుకోండి. ఎర్రమట్టి, వాగు ఇసుక, మాగిన ఎరువు సమపాళ్ళు. ఇసుక సముద్రం వైపుది వద్దు. మట్టిని ఏప్రిల్, మే ఎండల్లో తడిపి, పారదర్శకమైన పాలిథిన్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే కలుపు గింజలు, తెగుళ్ళు చాలావరకు చస్తాయి. మన ఎండలు మనకు ఉచితంగా చేసిపెట్టే మేలు ఇదొక్కటే అనుకుంటాం. ఈ ఏటికి ఆ సమయం దాటింది. వచ్చే ఏడు గుర్తుంచుకోండి. సంచిలో మొక్కను ఎక్కువ రోజులు ఉంచకండి. వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటే నాటిన తర్వాత కూడా ఆ చుట్టలోనే తిరుగుతుంది.

ట్రేలను నేల మీద పెట్టకండి. రంధ్రంలోంచి వేరు నేలలోకి దిగిపోతుంది, పీకేటప్పుడు తెగుతుంది. ఇటుకలు పేర్చి, పైన వెదురు బద్దలో తీగలో వేసి ఎత్తున పెట్టాలి. అప్పుడు రంధ్రం దాకా వచ్చిన వేరు కొస గాలి తగిలి ఆగి, లోపల పిల్ల వేర్లు వేస్తుంది. నారు లాగితే గుంట ఆకారంలోనే గడ్డ ఊడిరావాలి. నింపేటప్పుడు పిడికిలి పరీక్ష చేయండి. మిశ్రమాన్ని పిడికిట పట్టి నొక్కితే నీళ్ళు కారకూడదు, చెయ్యి తెరిస్తే ముద్ద నిలవాలి. విత్తనం పెట్టాక పది ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పితే నాలుగైదు రోజుల్లో మొలక కదులుతుంది. రోజూ ఎత్తి చూడాలి. ఒక్క పూట ఏమరితే మొలకలు పసుపుపచ్చ దారాల్లాగా సాగుతాయి. తర్వాత షేడ్‌నెట్ కింద పరచాలి. పక్కల చుట్టూ సన్న వల కట్టండి. 2021లో కొత్త తామర పురుగు మన మిరపను ఎలా ఊడ్చిందో మరిచిపోలేదు కదా. వల దాన్ని పూర్తిగా ఆపదు, కానీ బొబ్బర తెగులు మోసే తెల్లదోమ నారు దశలోనే అంటకుండా చాలావరకు కాస్తుంది. పాత ట్రేలు వాడేవాళ్ళు బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో నానబెట్టి కడిగి ఎండబెట్టండి. ఇంకో మాట, పెద్దలు కోపం చేసుకోకూడదు: చుట్ట, ఖైనీ వేసుకున్న చేత్తో నారు ముట్టకండి. పొగాకు ద్వారా వైరస్ మిరపకు అంటుతుంది. సబ్బుతో కడుక్కుని రండి.

35 నుంచి 40 రోజులకు నారు సిద్ధం. చివరి వారం నీళ్ళు తగ్గించి, నెట్ కొద్దికొద్దిగా తీసి ఎండకు అలవాటు చేయాలి.

అందరూ పెంచుకోలేరని మాకు తెలుసు. కౌలు రైతుకు పెరడు ఉండకపోవచ్చు, కూలికి పోయే అక్కలకు రోజుకు రెండుసార్లు నీళ్ళు పెట్టే తీరిక ఉండకపోవచ్చు. అందుకే ఊరికొక ఉమ్మడి నారుమడి అంటున్నాం. కొనక తప్పనివాళ్ళు బిల్లు లేకుండా మొక్క ముట్టకండి. బిల్లులో రకం, విత్తన కంపెనీ, లాటు నంబరు, విత్తిన తేదీ రాయించుకోండి. విత్తనం ఖాళీ ప్యాకెట్టు ఫొటో తీసుకోండి. 1966 విత్తన చట్టంలో విత్తనం అన్న మాటకు ఇచ్చిన అర్థంలో ఆహార పంటల నారు కూడా ఉంది. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని, వినియోగదారుల ఫోరానికి వెళ్ళే హక్కు ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మన తెలుగు రైతులదే. హక్కు ఉంది, దాన్ని పట్టుకెళ్ళడానికి చేతిలో కాగితం ఉండాలి. నర్సరీలన్నీ రిజిస్టరు చేయించుకోవాలని, బిల్లు మీద ఈ నాలుగు వివరాలు తప్పనిసరి చేయాలని ఉద్యాన శాఖ అధికారులకు వినతిపత్రం సిద్ధం చేశాం. బల్ల మీద ఉంది, వెళ్ళేటప్పుడు సంతకాలు పెట్టండి.

సంఘం తరఫున ఒక ఈసీ మీటరు కొన్నాం. వచ్చే ఆదివారం ఉదయం సంఘం ఆఫీసు దగ్గర ఉంటాం. మీరు వాడబోయే పొట్టు ఒక కిలో, వర్మీ ఒక కిలో, మీ బోరు నీళ్ళు ఒక సీసాడు తెచ్చుకోండి. పెసలు మేము తెస్తాం.